మీట నొక్కిన చేతికీ, ఖాతాలో పడిన అంకెకూ మధ్య

(జగదల్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 జగదల్‌పూర్‌కు తెలుగు ఉద్యోగుల రాక ఈనాటిది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికి 1960లలో కొత్తవలస-కిరండోల్ లైను నిర్మించిన నాటి నుండి ఈ కొండల మధ్య స్టేషన్లలోనూ, గ్యాంగులలోనూ మనవారు పనిచేస్తూ వచ్చారు. తపాలా సంచులను అడవి పల్లెలకు మోసుకుపోయిన చేతులూ మన సోదరులవే. ఈ రెండు శాఖలవారూ ఒకే కప్పు క్రింద కూర్చున్న సందర్భంలో ఇద్దరికీ సంబంధించిన ఒక విషయాన్ని మీ ముందుంచదలిచాం.

కీబోర్డు, బార్‌కోడ్ స్కానరు, వేలిముద్ర యంత్రం - ఇవి కంప్యూటరుకు సమాచారం అందించే పరికరాలు. ఈ పరికరాలతో మనం వాడే ప్రోగ్రాములు ఏ దారిన మాట్లాడుతున్నాయి, మధ్యవర్తి ద్వారానా, నేరుగానా అన్నది నేటి విషయం. ఇది ఇంజనీర్లు చూసుకోవలసిన సంగతి గదా, మనకెందుకని కొందరు మమ్మల్ని అడిగారు. మా సమాధానం ఇది. సాయంత్రం కౌంటరు మూసేవేళ నగదు తగ్గితే మొదటి ప్రశ్న మనకే వస్తుంది. లెక్కపై పేరు మనది, సంతకం మనది, జవాబుదారీ మనది. కాని మనం నొక్కిన మీటకూ, ఖాతాలో పడిన అంకెకూ మధ్య ఎన్ని చేతులు మారాయో మనకు తెలియదు. తెలియని దారికి పూచీ పడుతున్నాం. అందుచేత ఆ దారిని తెలుసుకోవడం మన విధి, మన రక్షణ కూడా.

తంతి నుండి టెర్మినలు వరకు

మన శాఖల పెద్దలు తంతి మీటను ఎరుగుదురు. మోర్సు మీటపై వేలు ఆనితే తీగలో విద్యుత్తు ప్రవహించేది, తీస్తే ఆగేది. వేలికీ తీగకూ మధ్య మరొకరు లేరు. అవతలి స్టేషనులో కూర్చున్న సిగ్నలరు ఆ టకటకల తీరు వినే ఇవతల ఎవరున్నారో గుర్తుపట్టేవాడు. ఆ తంతి సేవ మన దేశంలో 2013 జూలైలో ముగిసింది.

రైల్వేలో కంప్యూటరు రిజర్వేషను 1985-86 ప్రాంతంలో ఢిల్లీలో మొదలైంది. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అనగా క్రిస్, ఏర్పడింది. ఆనాటి పద్ధతిలో ఒక పెద్ద కంప్యూటరు ఒకచోట వుండేది. కౌంటరులో వున్నది టెర్మినలు మాత్రమే. దానికి సొంత బుద్ధి లేదు. నొక్కిన మీటను తీగ వెంట పంపడం, వచ్చిన అక్షరాన్ని తెరపై చూపడం, అంతే దాని పని.

నేడు కౌంటరులో వున్నది ఒక పూర్తి కంప్యూటరు. దానికి కీబోర్డు, స్కానరు, తూకం యంత్రం, వేలిముద్ర యంత్రం, ప్రింటరు తగిలించి వుంటాయి. 2025లో తపాలా శాఖ దేశమంతటా తన కొత్త ఏపీటీ అప్లికేషనుకు మారింది. ప్రోగ్రాములు మారుతాయి, పేర్లు మారుతాయి. అయితే క్రింద సాగే పని యొక్క మూల సూత్రాలు అంత త్వరగా మారవు. వాటినే చూద్దాం.

మీటకు అక్షరం తెలియదు

మీరు కీబోర్డుపై ఒక మీట నొక్కారనుకోండి. కీబోర్డు అక్షరాన్ని పంపదు, ఒక సంఖ్యను పంపుతుంది. యు.ఎస్.బి. కీబోర్డులకు 1990లలో ఏర్పడిన ప్రమాణం ప్రకారం సాధారణ కీబోర్డు పంపే చీటీ ఎనిమిది బైట్లది. మొదటి బైటు షిఫ్టు, కంట్రోలు వంటి మీటలు నొక్కి వున్నవా లేదా చెబుతుంది. రెండవది ఖాళీ. మిగిలిన ఆరింటిలో, ఆ క్షణాన ఏ మీటలు నొక్కి వున్నవో వాటి సంఖ్యలుంటాయి. ఎంటర్ మీట సంఖ్య 40. ఒక మీట సంఖ్య 11. ఆ 11ని ఇంగ్లీషు అమరికలో చదివితే హెచ్ అవుతుంది. 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్టు తెలుగు అమరికలో చదివితే అదే 11 'ప' అవుతుంది. మీట ఒకటే, అర్థం చెప్పేది మధ్యలో వున్న ప్రోగ్రాము.

మరొక సంగతి గమనించండి. పరికరాన్ని కంప్యూటరుకు తగిలించగానే అది తన్ను తాను పరిచయం చేసుకుంటుంది: "నేను కీబోర్డును" అంటుంది. కంప్యూటరు ఆ మాటను సామాన్యంగా నమ్ముతుంది. గుర్తింపు కార్డు చూపమని అడగదు. పెన్‌డ్రైవు ఆకారంలో వున్న వస్తువు తాను కీబోర్డునని చెప్పుకొని, తనంత తానే మీటలు నొక్కినట్లు ఆజ్ఞలు పంపగలదని 2014లో జర్మనీ పరిశోధకులు బహిరంగంగా నిరూపించి చూపారు. దారిలో దొరికిన పెన్‌డ్రైవును కౌంటరు కంప్యూటరుకు పెట్టవద్దని మేము పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

లైన్ క్లియర్ ఇచ్చేవాడు

మన రైల్వే సోదరులకు ఒక ఉపమానం చెబుతాం. ఒంటి లైనుపై బండి నడవాలంటే లైన్ క్లియర్ కావాలి. డ్రైవరు తనంత తాను నిర్ణయించుకొని సెక్షనులోకి ప్రవేశించడు. కంప్యూటరు లోపల కూడా అటువంటి అధికారి ఒకడున్నాడు. వాడి పేరు కెర్నెల్. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అత్యంత అంతర్భాగం అది. జ్ఞాపకశక్తి, తీగలు, పరికరాలు అన్నీ దాని అధీనంలో వుంటాయి. మనం వాడే బుకింగు ప్రోగ్రాము గాని, బ్రౌజరు గాని దాని వెలుపల, వినియోగదారు స్థాయిలో నడుస్తాయి. పరికరాన్ని తాకాలంటే కెర్నెల్‌ను అడగవలసిందే. ఈ విభజనను ప్రాసెసరు చిప్పే అమలు జరుపుతుంది. ఒక ప్రోగ్రాము తప్పు చేసినా యావత్తు యంత్రం కూలిపోకుండా వుండడానికే ఈ ఏర్పాటు.

మామూలు పద్ధతిలో కీబోర్డు చీటీని కెర్నెల్ విప్పుతుంది, చదువుతుంది, మీటగా గుర్తిస్తుంది. ఆపైన తెరను నడిపే వ్యవస్థ దానిని, తెరపై ఆ క్షణాన ఏ గడిలో కర్సరు వున్నదో ఆ గడికి చేరుస్తుంది. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

స్కానరు వేసిన వేషం

తపాలా కౌంటరులో స్పీడ్ పోస్టు కవరుపై వుండే సంఖ్యను తీసుకోండి. మొదట రెండు అక్షరాలు, తరువాత తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాలు, మొత్తం పదమూడు. ఇది అంతర్జాతీయ తపాలా సంఘం ప్రమాణం. తొమ్మిదవ అంకె మిగిలిన ఎనిమిదింటిని సరిచూసే అంకె. స్కానరు ఈ గీతలను చదివి కంప్యూటరుకు ఎట్లా పంపుతుంది? చాలాచోట్ల అది కీబోర్డు వేషం వేస్తుంది. పదమూడు మీటలను మెరుపు వేగంతో నొక్కినట్లు నటించి, చివర ఎంటర్ కూడా తానే నొక్కుతుంది. ఇందువల్ల సౌకర్యం వున్నది. ఏ ప్రోగ్రాముతోనైనా, ప్రత్యేకమైన ఏర్పాటు లేకుండా పనిచేస్తుంది.

ప్రమాదమూ వున్నది. కర్సరు సంఖ్య గడిలో కాక మరొక గడిలో వుంటే స్కానరు ఆ పదమూడింటినీ అక్కడే కుమ్మరిస్తుంది. ఆ గడి రొక్కం గడి అయి, ప్రోగ్రాము అక్షరాలను వదిలి అంకెలను మాత్రమే తీసుకునేదైతే, తొమ్మిది అంకెల మొత్తం తయారవుతుంది. వెనువెంటనే ఎంటర్ పడుతుంది. అది మనిషి వేలితో నొక్కిన ఎంటరా, స్కానరు నొక్కిన ఎంటరా అన్నది ప్రోగ్రాముకు తెలియదు, ఎందుకనగా రెండూ కీబోర్డు మీటలుగానే వచ్చాయి. నమోదులో మాత్రం ఉద్యోగి ఐడి వుంటుంది. విచారణలో జవాబు చెప్పవలసింది ఉద్యోగి.

మూసిన సంచి పద్ధతి

దీనికి విరుగుడు వున్నది. ఆర్.ఎం.ఎస్. సోదరులకు ఇది సులభంగా బోధపడుతుంది. విడి ఉత్తరాలైతే ప్రతి సార్టింగు ఆఫీసులో విప్పి, చూసి, గూళ్ళలో వేస్తారు. మూసిన సంచి అయితే దారిలోని ఆఫీసులు దానిని విప్పవు, సీలు సరిచూసి ముందుకు పంపుతాయి. చేరవలసిన ఆఫీసే విప్పుతుంది. వినియోగదారు స్థాయి ప్రోగ్రాము పరికరంతో నేరుగా మాట్లాడడమంటే ఇదే. కెర్నెల్ చీటీని విప్పి అర్థం చెప్పదు. పరికరం పంపిన ముడి బైట్లను యథాతథంగా ఆ ప్రోగ్రాముకు అందజేస్తుంది. లైనక్స్‌లో దీనికి హిడ్‌రా అనే ద్వారం వున్నది. లిబ్‌యుఎస్‌బి అనే గ్రంథాలయాన్ని వాడే ప్రోగ్రాము మరింత ముందుకు పోయి, ఆ పరికరంపై కెర్నెల్ డ్రైవరు పట్టును సడలింపజేసి, యు.ఎస్.బి. స్థాయిలోనే సంభాషించగలదు. ఇందుకు కెర్నెల్‌లో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు.

ఈ పద్ధతిలో స్కానరు "నేను కీబోర్డును" అని చెప్పుకోదు, "నేను బార్‌కోడ్ స్కానరును" అని నిజం చెబుతుంది. ప్రమాణంలో అందుకు వేరే విభాగమే వున్నది. బుకింగు ప్రోగ్రాము ఆ పరికరాన్ని తానే తెరిచి, దాని నుండి వచ్చినదంతా ఉత్తరం సంఖ్యేనని గ్రహిస్తుంది, సరిచూసే అంకెతో పోల్చుతుంది. కర్సరు ఎక్కడ వున్నా రొక్కం గడిలో ఆ అంకెలు పడవు. స్కానరు ఎంటరు, మనిషి ఎంటరు వేరువేరుగా గుర్తింపబడుతాయి. ఏ అంకె ఏ పరికరం నుండి, ఏ క్షణాన వచ్చినదో నమోదు చేయడం సాధ్యమవుతుంది.

అయితే సంచిని ఎవరికి అప్పగించాలన్నది ముఖ్యం. దొంగ చేతికి ఇస్తే మూసిన సంచి మరింత ప్రమాదం. అందుచేతనే ఆపరేటింగ్ సిస్టమ్‌లు కట్టుదిట్టాలు చేశాయి. లైనక్స్‌లో ఆ ద్వారాలు సామాన్యంగా నిర్వాహకునికి మాత్రమే తెరుచుకుంటాయి, ఇతరులకు ఆయన అనుమతి ఇవ్వాలి. విండోస్ కీబోర్డునూ మౌసునూ తన అధీనంలోనే వుంచుకొని, ఇతర పరికరాలను మాత్రం ప్రోగ్రాములకు వదులుతుంది. 2021లో క్రోమ్ బ్రౌజరులో వచ్చిన వెబ్‌హిడ్ అనే ఏర్పాటు కూడా, వినియోగదారుడు స్వయంగా పరికరాన్ని ఎంచి అనుమతించిన పిమ్మటనే పనిచేస్తుంది. కీబోర్డు మీటలను అది వెబ్ పేజీలకు అందనివ్వదు.

వేలిముద్ర దారి

బస్తర్ పల్లెలలో పనిచేసే బ్రాంచి పోస్టుమాస్టర్లకు ఈ విషయం మరింత దగ్గరిది. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ప్రారంభమైన తరువాత ఆధార్ వేలిముద్రతో నగదు చెల్లించే పని తపాలా ఉద్యోగులపై పడింది. రాళ్ళు కొట్టి, మట్టి మోసి, ఆకులు ఏరి అరిగిన వేళ్ళను యంత్రం ఎన్నిసార్లు గుర్తించదో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఆ యంత్రం నుండి ముద్ర ఏ దారిన పోతుంది? 2017 నుండి ఆధార్ ప్రాధికార సంస్థ నమోదిత పరికరాల పద్ధతిని అమలు చేసింది. కంప్యూటరులో ఆర్.డి. సర్వీసు అనే చిన్న ప్రోగ్రాము నడుస్తుంది. వేలిముద్ర యంత్రంతో మాట్లాడే హక్కు దానిది. బ్యాంకు అప్లికేషను ముద్రను తాకదు. అది ఆ కంప్యూటరులోనే 11100 నుండి 11120 వరకు గల పోర్టులలో ఈ సర్వీసు ఎక్కడున్నదో వెతికి, "ముద్ర తీసి ఇవ్వు" అని కోరుతుంది. సర్వీసు ముద్రను తీసుకొని, సంకేత భాషలోకి మార్చి, పరికరం సంతకంతో సీలు వేసి ఇస్తుంది. ఆ సీలు ఆధార్ సంస్థ దగ్గరే విప్పబడుతుంది. తరువాతి ఎల్1 పరికరాలలో ఈ సీలు వేసే పని పరికరం లోపలి సురక్షిత భాగంలోనే జరుగుతుంది.

ఇది మన ఇన్‌స్యూర్డు సంచికి సరిగ్గా సరిపోతుంది. ఇంతకు పూర్వం ముద్ర ముడి రూపంలో అప్లికేషను చేతికి వచ్చేది, దాచిపెట్టి మరొకసారి వాడే అవకాశం వుండేది. ఆ అవకాశాన్ని ఈ పద్ధతి తగ్గించింది. దారి సరిగా వేస్తే ప్రజల సొమ్ముకూ రక్షణ, ఉద్యోగికీ రక్షణ కలుగుతాయని ఇందువల్ల తేలుతున్నది. మరి వేలిముద్రకు పాటించిన జాగ్రత్త, ఉద్యోగి నొక్కే మీటకు ఎందుకు పాటించకూడదు?

డాల్మెల్లింగ్టన్ చెప్పే పాఠం

దారి సరిగా లేకపోతే ఏమవుతుందో బ్రిటిష్ తపాలా ఉద్యోగుల అనుభవం చెబుతుంది. అక్కడి పోస్టాఫీసులలో 1999 నుండి హొరైజన్ అనే కంప్యూటరు వ్యవస్థ ప్రవేశించింది. ఫుజిత్సు కంపెనీ దానిని సరఫరా చేసింది. లెక్కలలో తరుగు కనబడితే, ఒప్పందం పేరుతో సబ్ పోస్టుమాస్టర్ల చేత కట్టించారు. కట్టలేనివారిపై దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 900 మందికి పైగా శిక్షలకు గురయ్యారు. కొందరు జైలు పాలయ్యారు, కొందరు ఇళ్ళు అమ్ముకున్నారు.

స్కాట్లండులోని డాల్మెల్లింగ్టన్ అనే ఊరి పేరుతో అందులోని ఒక లోపం ప్రసిద్ధమైంది. 2015లో అక్కడి పోస్టుమాస్టరు ఎనిమిది వేల పౌండ్ల నగదు సంచి అందినట్లు నమోదు చేస్తున్నారు. సంచిపై బార్‌కోడు చదివించారు. తెర కదలలేదు. మనమందరం చేసే పనే ఆమె చేశారు, మళ్ళీ ఎంటర్ నొక్కారు. ప్రతి ఎంటరుకూ మరో ఎనిమిది వేలు అందినట్లు ఖాతాలో పడింది. మొత్తం నాలుగు సార్లు. ఫలితం 24 వేల పౌండ్ల తేడా. వెతికి చూడగా 2010 నుండి ఇదే లోపం 88 ఆఫీసులలో 112 సార్లు సంభవించినట్లు తేలింది. మీట తప్పు చేయలేదు, వేలు తప్పు చేయలేదు. మీటను అందుకున్న ప్రోగ్రాము, ఒకే సంచిని రెండవసారి చేర్చకూడదన్న చిన్న లెక్కను మరచింది.

మరొకటి బయటపడింది. సబ్ పోస్టుమాస్టరుకు తెలియకుండా కంపెనీ సిబ్బంది దూరం నుండి ఆయన ఆఫీసు లెక్కలోకి లావాదేవీలను చొప్పించగల వీలున్నది. అట్టి వీలు లేదని యాజమాన్యం ఏండ్ల తరబడి చెబుతూ వచ్చింది. 2019 డిసెంబరులో హైకోర్టు ఆ వ్యవస్థలో లోపాలున్నవని తీర్పు చెప్పింది. 2021 ఏప్రిలులో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దు చేసింది. 2024లో ఏకంగా చట్టం చేసి మిగిలిన వందలాది శిక్షలను తొలగించవలసి వచ్చింది. పోగొట్టుకున్న జీవితాలను ఏ చట్టం తిరిగి ఇవ్వగలదు?

సోదరులారా, ఆ ఉద్యోగులు ఓడిపోయినది నిజం తమ పక్షాన లేక కాదు. కంప్యూటరు సరిగా పనిచేసిందనే భావించాలని అక్కడి న్యాయస్థానాలు నమ్మాయి. లోపలి నమోదులు యాజమాన్యం, కంపెనీల చేతులలో వుండిపోయాయి. ఉద్యోగి దగ్గర తన మాట తప్ప మరేమీ లేదు.

చాటు దారులు

నేరుగా మాట్లాడే శక్తి రెండువైపులా పదునైన కత్తి. ఒక ప్రోగ్రాము పరికరాన్ని నేరుగా చదవగలిగితే, ఉద్యోగి నొక్కే ప్రతి మీటనూ చాటుగా వ్రాసుకోనూ గలదు. పాస్‌వర్డు కూడా మీటలే గదా! అట్లాగే, లేని కీబోర్డును ఉన్నట్లు సృష్టించి మీటలు నొక్కనూ గలదు. లైనక్స్‌లో యుఇన్‌పుట్ అనే ఏర్పాటు అందుకే వున్నది. చేతులు ఆడని వికలాంగులకు అది వరం. దుర్వినియోగం చేస్తే శాపం. అట్లా వచ్చిన మీటకూ, మనిషి నొక్కిన మీటకూ తేడాను సాధారణ ప్రోగ్రాము పసిగట్టలేదు. అందుచేత "మీ ఐడితో నమోదైంది గనుక మీరే నొక్కారు" అనే వాదన సాంకేతికంగా నిలిచే వాదన కాదు. నొక్కి వుండవచ్చును, నిరూపణ కావాలి.

మన దేశంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, కంప్యూటరు నమోదును సాక్ష్యంగా చూపాలంటే ధృవపత్రం జతపరచాలి. దానిపై యంత్ర బాధ్యులతో పాటు నిపుణుడు కూడా సంతకం చేయాలి. కోర్టులో ఇంత జాగ్రత్త అవసరమైతే, శాఖాపరమైన విచారణలో ఒక్క ప్రింటు కాగితంతో ఉద్యోగిని దోషిగా నిలబెట్టడం న్యాయం కాజాలదు.

మనం కోరవలసినవి

మేము యంత్రాలకు వ్యతిరేకులం కాము. యంత్రం వచ్చి వరుసలు తగ్గాయి, టిక్కెట్టు ఎక్కడినుండైనా దొరుకుతున్నది. మేము కోరేది బాధ్యత ఎంతవరకో, ఎరుక కూడా అంతవరకు వుండాలని.

ఒకటి: కౌంటరు స్కానర్లు కీబోర్డు వేషంలో కాక, స్కానర్లుగానే ప్రోగ్రాముతో మాట్లాడాలి.

రెండు: ప్రతి లావాదేవీకి ఒకే సంఖ్య వుండాలి. ఎంటర్ పదిసార్లు పడినా ఖాతాలో ఒక్కసారే పడాలి.

మూడు: ఏ అంకె ఏ పరికరం నుండి, ఏ క్షణాన వచ్చినదో నమోదు కావాలి. దూరం నుండి ఎవరైనా లెక్కను తాకితే వారి పేరుతో వేరుగా నమోదు కావాలి.

నాలుగు: మీటలను చదివే, మీటలను చొప్పించే ప్రోగ్రాములు ఏవైనా కౌంటరు యంత్రాలలో వుంటే ఉద్యోగులకు ముందుగా వ్రాతపూర్వకంగా తెలపాలి.

ఐదు: తేడా ఆరోపించినపుడు, సొమ్ము కట్టమని అడుగక ముందే ఆ నమోదుల నకలును ఉద్యోగికి ఇవ్వాలి.

ఇక మన వంతు. మన ఐడిని మరొకరికి ఇవ్వవద్దు. తెర నిలిచిపోతే మళ్ళీ మళ్ళీ ఎంటర్ నొక్కవద్దు. వేళ, లావాదేవీ సంఖ్య, తెరపై కనబడిన మాట ఒక పుస్తకంలో వ్రాసుకొని, అదే రోజు పై అధికారికి కాగితంపై తెలపండి. ఆ పుస్తకం ఖరీదు ఇరవై రూపాయలు. 

బైలదిల్లా ఖనిజంతో కొండ దిగే బండికి బ్రేకు పవరు ధృవపత్రం లేనిదే డ్రైవరు కదలడు. బ్రేకులను తాను తయారు చేయకపోయినా, అవి పట్టునో లేదో తెలుసుకునే హక్కు ఆయనకున్నది. అది భయం వల్ల వచ్చిన హక్కు కాదు, ప్రమాదాలు నేర్పిన హక్కు. కౌంటరులో కూర్చున్న ఉద్యోగికి కూడా అదే హక్కు కావాలి. బండి కదలక ముందే కావాలి.